గొరిల్లాల అడవికి ప్రయాణసన్నాహము

మేము హఫీజ్‌పేట నివాసులము. మా యిల్లు రైలు స్టేషనునకు నడకదూరములో నున్నది. ఎం.ఎం.టి.ఎస్. బండి వచ్చిపోవు చప్పుడును బట్టి, గడియారము చూడకయే వేళ చెప్పగలవారు మా యింట ఇద్దరు కలరు. ఇట్టి చోట కూర్చుండి, ఆఫ్రికా ఖండము నడుమ భూమధ్యరేఖ దాపుననున్న ఒక అడవికి, అందు నివసించు పర్వత గొరిల్లాలను చూచుటకై మేము ఆరుగురము ప్రయాణసన్నాహము చేయుచున్నాము. ఎనిమిది నెలలుగా మా యింట ఇదే మాట, ఇదే పని. ప్రయాణము ఇంకను జరుగలేదు. కావున చూచివచ్చిన వింతలు వర్ణించుటకు మా యొద్ద ఏమియు లేదు. పోవుటకు ముందే నేర్చుకొన్నది మాత్రము కొంత కలదు. దానినే నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఆరుగురమనగా మేము దంపతులము, మా అమ్మాయి, అల్లుడు, పొరుగింటి లెక్కల మాస్టారు, మా బావగారు. అమ్మాయియు అల్లుడును హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగులు. బావగారు విశ్రాంత ఉపాధ్యాయులు, అరువదిమూడేండ్ల వయసువారు. ఈ ఆలోచన ఆయనదే. యౌవనములో నొక పత్రికలో పర్వత గొరిల్లా బొమ్మను చూచి, దానిని కత్తిరించి తన డైరీలో నంటించుకొనిరి. ఆ డైరీ నలువదేండ్లు బీరువాలో నుండెను. ఉద్యోగ విరమణానంతరము ఇల్లు సర్దుచుండగా అది బయటపడినది. ఆనాడే ఈ ప్రయాణమునకు అంకురార్పణ జరిగినదని చెప్పవలెను.

మొట్టమొదటి ఆక్షేపణ మా అత్తగారిది. "గొరిల్లాలు మైసూరులోనే ఉన్నవట గదా! రైలెక్కిన మరునాడు చూడవచ్చును. దానికి సముద్రము దాటిపోవుట యెందులకు?" అని ఆమె అడిగిరి. మంచి ప్రశ్నయే. మైసూరు జంతుప్రదర్శనశాలకు 2021లో జర్మనీ నుండి రెండు గొరిల్లాలు వచ్చిన మాట నిజమే. కాని అవి పల్లపు అడవులకు చెందిన పశ్చిమ జాతివి. పర్వత గొరిల్లా ప్రపంచములో ఏ జంతుప్రదర్శనశాలలోను లేదు. దానిని చూడగోరువాడు దాని యింటికి పోవలసినదే. ఆ యిండ్లు రెండే. ఉగాండా, రువాండా, కాంగో దేశములు కలియుచోటనున్న విరుంగా అగ్నిపర్వత పంక్తి యొకటి. దానికి కొంచెము ఉత్తరముగా, ఉగాండాలోనున్న బ్విండి అడవి రెండవది.

ఈ మృగము శాస్త్రజ్ఞుల యెరుకకు వచ్చినది 1902లో. రాబర్ట్ ఫాన్ బెరింగె అను జర్మను సైనికోద్యోగి సబిన్యో పర్వతమునెక్కుచు రెండింటిని కాల్చి చంపెను. అందొకదాని కళేబరము బెర్లినుకు చేరిన పిమ్మట, చంపినవాని పేరే దానికి పెట్టిరి. నామకరణములలో ఇంతకంటె విచిత్రమైనది మేమెరుగము. పిదప 1959లో జార్జి షాలర్ ఆ కొండలలో నుండి, తుపాకి లేక వానిని చూచుట నేర్చెను. 1967లో డయాన్ ఫాసీ అను నామె అచ్చటనే పరిశోధనా శిబిరము నెలకొల్పి, 1985లో ఆ శిబిరముననే హత్యకు గురియయ్యెను. 1981లో విరుంగా కొండలలో జరిపిన గణనలో 254 గొరిల్లాలు మాత్రమే లెక్కకు వచ్చినవి. ఇటీవలి గణనల ప్రకారము అచ్చట 604, బ్విండి పరిసరములలో 459, వెరసి 1,063. మా పేటలోని ఒక బహుళాంతస్తుల భవనసముదాయములో ఇంతకంటె ఎక్కువ మంది మనుష్యులున్నారు. అయినను సంఖ్య పెరిగినది. 2018లో ఈ జాతిని "అత్యంత ప్రమాదస్థితి" నుండి "ప్రమాదస్థితి" కి మార్చిరి. మెట్టు చిన్నదే కాని, పైకి వేసిన మెట్టు.

ఇక సన్నాహము. తక్కిన ప్రయాణములకు ముందు టిక్కెట్టు కొని, తరువాత బస చూచుకొందుము. ఇచ్చట వరుస తలక్రిందులు. ముందు అడవిశాఖవారి అనుమతిపత్రము సంపాదింపవలెను. అది యే తేదీకి దొరకునో ఆ తేదీకే విమానము, బస, సెలవు సమస్తమును కుదుర్చుకొనవలెను. మనుష్యుల రాకకు అలవాటుపడిన యొక్కొక్క గొరిల్లా కుటుంబమును చూచుటకు దినమునకు ఎనిమిదిమందిని మాత్రమే పంపుదురు. అదియు ఒక్క గంట. గంట ముగిసిన తరువాత, గొరిల్లా వచ్చి మన యెదుట నాట్యమాడుచున్నను వెనుకకు మరలవలసినదే. ఆ ఒక్క గంటకు ఉగాండాలో రుసుము 800 డాలర్లు. రువాండాలో 2017 నుండి 1,500 డాలర్లు.

ఈ ధర వినగానే మాకు కోపము వచ్చెను. ఆరుగురకు ఉగాండా రుసుమే నాలుగు లక్షల రూపాయలు దాటుచున్నది. "గంటకు డెబ్బదివేలా! పెండ్లిలో సన్నాయి మేళమునకైనను ఇంత యీయము" అని లెక్కల మాస్టారు కాగితమును ప్రక్కకు నెట్టిరి. కాని లెక్కల మాస్టారు గనుక మరల ఆ కాగితమునే దగ్గరకు లాగికొనిరి. వేటకాండ్ర ఉచ్చులను తొలగించు కావలివారి జీతములు, పశువైద్యుల ఖర్చులు, అడవి అంచున నివసించు పల్లెల బడులు, నీటితొట్లు, వీనికెల్ల ఈ సొమ్మే యాధారము. రువాండాలో ఉద్యానముల రాబడిలో నూటికి పదివంతులు చుట్టుపట్ల పల్లెలకు చెందును. ఎనిమిదిమందికి బదులు ఎనుబదిమందిని పంపిన రుసుము తగ్గును. కాని అప్పుడు చూచుటకు గొరిల్లా యుండదు. కావున ధర న్యాయమేయని తీర్మానించి, న్యాయములలో చవుకయైన ఉగాండాను ఎన్నుకొంటిమి.

కాంగో వైపు మేము ఆలోచింపనే లేదు. 1925లో నెలకొల్పబడిన ఆ విరుంగా ఉద్యానము ఆఫ్రికాలో మొట్టమొదటిది. దానిని కాపాడుచు ప్రాణములు విడిచిన వనరక్షకులు 200 మందికి పైబడిరి. 2025 జనవరిలో ఆ ప్రాంతపు ముఖ్యపట్టణమైన గోమా తిరుగుబాటుదారుల వశమైనది. అటువంటి చోట వినోదయాత్రికులకు పనియేమి?

దారి విషయము క్లుప్తముగా చెప్పెదము. శంషాబాదు నుండి ఆదిస్ అబాబాకు తిన్నగా పోవు విమానము 2025 జూన్‌లో ప్రారంభమైనది. అచ్చటి నుండి రువాండా ముఖ్యపట్టణమైన కిగాలి చేరి, రోడ్డుదారిని సరిహద్దు దాటి బ్విండి చేరవలెనని మా యేర్పాటు. ఉగాండాలో దిగి పోవువారికి రోజంతయు కారులోనే గడచును. ఈ దారి అందులో సగమే. ఉగాండా, రువాండా, కెన్యా మూడింటికిని చెల్లు తూర్పు ఆఫ్రికా వీసా యొకటి కలదు. దాని ఖరీదు 100 డాలర్లు. నెలలలో జూన్ నుండి ఆగష్టు వరకును, డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకును అచ్చట వానలు తక్కువ. తక్కువయనగా లేవని కాదు. మేము జూలై నెన్నుకొంటిమి.

సూదిమందు మరచినవారు తిరిగివచ్చునప్పుడు చిక్కుపడుదురు. ఉగాండా పచ్చజ్వరమున్న దేశము. ఆ టీకా వేయించుకొన్న పదిదినములకు గాని ధ్రువపత్రము చెల్లదు. అది లేక మరలివచ్చిన వానిని మన విమానాశ్రయములోనే పట్టి, ఆరు దినముల వరకు వేరుగా నుంచుదురు. మన నగరములో ఈ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయుదురు. అరువదేండ్లు దాటినవారు వైద్యుని చేత పరీక్ష చేయించుకొనకుండ ఈ టీకా వేయించుకొనరాదు. బావగారు రెండు పర్యాయములు వైద్యుని దర్శించి, గుండె, ఊపిరితిత్తులు చూపించుకొనిన పిమ్మటనే చేయి చాచిరి.

మలేరియా మాత్రలు కూడ వాడవలెను. ఈ మాట వచ్చినప్పుడు నగరవాసులము కొంచెము గర్వపడుట తప్పుకాదు. మలేరియా దోమవలన వచ్చునని 1897 ఆగష్టు 20న రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులోనే గదా. బేగంపేటలో ఆ భవనము నేటికిని కలదు. ఆయనకు నోబెల్ బహుమానము వచ్చిన సంవత్సరము 1902. సబిన్యో పర్వతముపై ఆ తుపాకి మ్రోగినదియు ఆ యేడే.

ఇప్పుడు కాళ్ల సంగతి. బ్విండి అడవి సముద్రమట్టమునకు 1,160 మీటర్ల నుండి 2,607 మీటర్ల వరకు వ్యాపించినది. మనమున్న హైదరాబాదు ఎత్తు సుమారు 540 మీటర్లు. ఆ అడవిలో బాటలుండవు. తెల్లవారుజామున కొందరు కావలివారు ముందుగా పోయి, గొరిల్లాలు క్రిందటి రాత్రి పరుండిన ఆకుపడకలను వెదకి, అచ్చటి నుండి జాడ తీయుదురు. గొరిల్లా ఏనాటి పడక ఆనాడే అల్లుకొనును. నిన్నటి పడకలో నేడు పరుండదు. ఆ జాడ వెంట మనము కత్తితో తీగలు నరికించుకొనుచు పోవలెను. అర్ధగంటలో కనబడవచ్చును, ఆరు గంటలైనను పట్టవచ్చును. దూలగొండివలె ఒడలు మండించు మొక్కలు, ప్యాంటులోనికి ప్రాకు చీమలు, జారు బురద. చేతులకు మందపు తొడుగులు, ప్యాంటు కొసలను లోనికి దోపుకొనుటకు పొడవైన మేజోళ్లు, వానకోటు, చేతికఱ్ఱ తప్పనిసరి. మూట మోయుటకు ఆ పల్లెవారినొకరిని కూలికి పెట్టుకొనవలెను. మీకు బలమున్నను పెట్టుకొనుడని మా సలహా. గొరిల్లా బ్రతికియుండుటవలన తన యింట పొయ్యి రగులుచున్నదని తెలిసినవాడే దానిని కాపాడును.

కాళ్లు గట్టిపరచుకొనుటకు మేము హఫీజ్‌పేట స్టేషను మెట్లనాశ్రయించితిమి. తెల్లవారుజామున ఐదు గంటలకు పది సారులు ఎక్కిదిగుదుము. మొదటివారములో ప్రయాణికులు మేమేదో పోగొట్టుకొని వెదకుచున్నామనుకొనిరి. ఆదివారములు కొత్తగూడ వృక్షోద్యానములో నడక, నెలకొకసారి గోలకొండ, రెండు పర్యాయములు వికారాబాదు అనంతగిరి కొండలు. అనంతగిరి నుండి దిగివచ్చుచు మా అల్లుడొక మాటనెను: "మామగారూ, నేను పదేండ్లుగా ఇచ్చట ఉద్యోగము చేయుచున్నాను. మూసీనది పుట్టినచోటు ఇంత దగ్గరగా నున్నదని నాకు తెలియదు." గొరిల్లాల పుణ్యమా యని మా జిల్లాను మేము చూచితిమి. మా యింటికి కొద్దిదూరములోనున్న కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివరిదినములలో 400 ఎకరముల చెట్టుచేమలను యంత్రములతో పడగొట్టుట మొదలైనపుడు, అచ్చట నెమళ్లు, జింకలు కలవని పేటలో చాలమందికి అప్పుడే తెలిసినది. ఏప్రిల్ 3న సుప్రీం కోర్టువారు ఆ పని నిలుపవలెనని ఆజ్ఞాపించిరి. దూరపు అడవికి మూటకట్టుకొనువారము గనుక ఈ మాట మాకే గ్రుచ్చుకొన్నది. చెప్పకుండ నుండలేకపోయితిమి.

ఇంతవరకు చెప్పినవి డబ్బుతోను, చెమటతోను సాధ్యమగునవి. అసలు చిక్కు మరొకటి కలదు.

మా మనుమనికి పదునొకండేండ్లు. వాడును వచ్చెదనని పట్టుపట్టెను. పదునైదేండ్లు నిండనివారిని అడవిలోనికి రానీయరు. "పిల్లలు అల్లరిచేయుదురనియా?" అని వాడడిగెను. అది కాదు. పిల్లలకు తట్టు మొదలగు అంటువ్యాధులు సులభముగా వచ్చును. గొరిల్లా దేహము మన దేహమునకు అతి సన్నిహితము. మన రోగములు దానికి సోకును, మనకున్న నిరోధకశక్తి దానికి లేదు. 1988లో రువాండాలోని గొరిల్లాలకు ఊపిరితిత్తుల వ్యాధి సోకి కొన్ని మరణించినవి. అది తట్టు కావచ్చునని అనుమానించి, వైద్యులు కొండలలో తిరిగి తక్కినవానికి టీకాలు వేసిరి. 2009లో హిర్వా యను కుటుంబములో రెండు చనిపోయినవి, అందొకటి పసికూన. మనుష్యులకు జలుబు కలిగించు సూక్ష్మక్రిమి వానిలో కనబడినది.

ఇంకొక కథ మన రైతులకు సులభముగా బోధపడును. 1996లో బ్విండి గొరిల్లాలకు గజ్జి పట్టెను. వెండ్రుకలు రాలి, ఒడలు పుండ్లుపడి, ఒక పసిపిల్ల చనిపోయినది. అప్పుడు ఉగాండా ప్రభుత్వములో వన్యమృగవైద్యురాలుగా నున్న గ్లాడిస్ కలేమా-జికుసోకా యను నామె కారణము వెదకెను. గొరిల్లాలు అరటితోటలలోనికి దిగుచుండెను. ఆ తోటలలో దిష్టిబొమ్మలుండెను. దిష్టిబొమ్మలకు ఊరివారు తొడిగినవి తమ పాత మురికిబట్టలే. గొరిల్లా కుతూహలముగల జంతువు. ఆ బట్టలను ముట్టి చూచెను. చూడుడు, పైరునకు కీడు తగులకుండ నిలిపిన బొమ్మ, అడవికి కీడు చేసినది! ఊరిలో గజ్జి పోనిచో అడవిలో పోదని గ్రహించి, ఆ వైద్యురాలు 2003లో మనుష్యులకును, మృగములకును కలిపి ఆరోగ్యసేవ చేయు సంస్థను స్థాపించెను.

అందుచే అడవిలోనికి పోవువారికి కొన్ని నియమములు కలవు. జలుబు, దగ్గు, జ్వరమున్నవారు పోరాదు. ముఖమునకు మాస్కు కట్టుకొనవలెను. పూర్వము ఏడు మీటర్ల దూరము చాలుననిరి. కోవిడు తర్వాత దానిని పది మీటర్లు చేసిరి. గొరిల్లాల దగ్గర తినరాదు, ఉమ్మరాదు. మా ఇల్లాలు పులిహోర, నువ్వులుండలు కట్టుకొనిపోవ నిశ్చయించినది. వానిని ముందే తినవలెను.

నియమములు చదువుచుండగా బావగారు దగ్గిరి.

ఆయనకు మూడేండ్లుగా దుమ్ముదగ్గు కలదు. మా పేటలో నొకచోట కట్టుచుండుట, ఒకచోట త్రవ్వుచుండుట నిత్యకృత్యము. ఆ దుమ్ము ఆయన గొంతులో నిలిచిపోయినది. అంటు దగ్గు కాదని వైద్యుడు చెప్పెను. కాని అడవి గుమ్మమున నిలుచు అధికారికి అదెట్లు తెలియును? అంతకంటెను ముఖ్యము, ఆనాటి ఉదయమున వచ్చిన దగ్గు పాత దుమ్ముదో, విమానములో తగిలిన కొత్త జలుబుదో మాకు మాత్రమెట్లు తెలియును?

ఆ రాత్రి మా డాబాపై పెద్ద చర్చ జరిగెను. "అంటు కాదని వైద్యుడే చెప్పినాడు గదా, బావగారూ! ఉదయమొక మాత్ర వేసికొని, గంటసేపు ఆపుకొన్నచో చాలును. ఎవరికి తెలియును?" అని లెక్కల మాస్టారనిరి. ఆయన చెడ్డవారు కారు. నలువదేండ్లనాటి కోరిక చెడుట చూడలేక అట్లనిరి. మాలో మరి ఇద్దరకు ఆ మాట నచ్చినదని ఒప్పుకొనవలెను. అందు మేమును కలము. డెబ్బదివేలు పోవుననియు తోచెను. డబ్బు మాట ఎవరును పైకి అనలేదు.

బావగారు చాలసేపు మాటలాడలేదు. పిదప, "ముప్పదేండ్లు పరీక్ష హాలులో కాపలా కాచినాను, మాస్టారూ. ఎవరికి తెలియునను మాట వేలమంది నోట విన్నాను" అని నవ్విరి. మా అమ్మాయి మెల్లగా, "మామయ్యా, మీరు లేకుండ మేము పోయి యేమి చూచెదము?" అనెను. "నేనక్కడికి వచ్చెదను. ఆ ఊరు చూచెదను. అడవిలోనికి పోవుట ఆనాటి ఉదయము నిర్ణయించెదము" అని ఆయన లేచి, ప్రయాణపు జాబితా తెప్పించుకొనిరి. అందులో పాసుపోర్టు, టీకాపత్రము, మేజోళ్లు మొదలగునవి ఏడు వరుసలుగా నుండెను. ఎనిమిదవదిగా తన చేవ్రాలుతో, "దగ్గినవారు ఆగిపోవలెను. వయసు, రుసుము లెక్కలోనికి రావు" అని వ్రాసిరి.

అది మొదలు మా యేర్పాటులో రెండవదారి యొకటి చేరినది. అడవిలోనికి పోనివారు ఆ దినము బుహోమా ఊరిలో నుందురు. అడవి అంచున కాఫీ తోటలు కలవు. 1991లో బ్విండి రక్షిత ఉద్యానమైనపుడు ఆ అడవి నుండి వెలుపలికి పంపబడిన బట్వా జాతివారు ఆ ప్రాంతముననే కలరు. తరతరములుగా అడవిలో బ్రతికినవారు. నేడు అడవిని గూర్చి అతిథులకు చెప్పుచు కొంత సంపాదించుకొనుచున్నారు. గొరిల్లా రక్షింపబడిన కథలో వీరి నష్టమును చెప్పువారు తక్కువ. వారిలోని పెద్దలయొద్ద కూర్చుండి వినవలెనని బావగారి కోరిక. మాస్టారును ఆయనతో ఆగిపోయెదననిరి గాని, బావగారు ఒప్పుకొనలేదు. "మీరు పోయి, ముక్కులు చూచి రండు" అనిరి. ఒక్కొక్క గొరిల్లా ముక్కుమీది ముడుతలు ఒక్కొక్క తీరుగా నుండునట. మన వ్రేలిముద్రలవలె, వానినిబట్టియే పరిశోధకులు వానిని గుర్తుపట్టుదురు.

ప్రయాణమునకు ఇంక పదునొకండు వారములున్నవి. బావగారు స్టేషను మెట్లు మానలేదు. మాస్కు కట్టుకొని, అందరికంటె వెనుకగా ఎక్కుదురు. నడుమ నిలిచినప్పుడు జేబులోని చిన్న పుస్తకములో ఏదో గీయుదురు. ఇంటికి వచ్చి ఆ గీతలను లెక్కించి, బొమ్మ అంటించిన పాత డైరీలో తేదీ వేసి వ్రాయుదురు. మొదటిదినము క్రింద పందొమ్మిది దగ్గులని యున్నది. మొన్న ఏడు. నిన్న మూడు.